బాక్సైట్ కొండ మీద మట్టి ఎంత లోతు?

విశాఖ నుంచి అరకు వెళ్లే ఘాట్‌రోడ్డులో అనంతగిరి దాటాక గాలికొండ వస్తుంది. వాలు పొడుగునా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. తూర్పు కనుమల్లో బాక్సైట్ ఉన్న కొండలకు చాలావరకు ఒకటే పోలిక ఉంటుంది. వాలులో ఇంత పచ్చదనం ఉంటుంది గానీ, నెత్తి మీదికి ఎక్కితే చెట్లు పలచబడిపోతాయి. బల్లపరుపు నేల, గడ్డి, అక్కడక్కడా చిట్టీత పొదలు, కాలికి గుచ్చుకునే ఎర్ర గులకరాళ్లు. కొండ ఒక్కటే, వానా ఒక్కటే. పైన పెరగని చెట్టు వంద మీటర్లు కిందికి దిగేసరికి ఎలా పెరుగుతోంది?

జవాబు మట్టిలో ఉంది. ఆ మట్టి గురించి మాట్లాడుకోవాల్సిన అవసరం మనకు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. తూర్పు కనుమల కొండల మీద పెద్ద ఎత్తున బాక్సైట్ ఉందని 1970ల్లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ తేల్చింది. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో పంచపట్‌మాలి కొండను ప్రభుత్వ రంగ అల్యూమినియం సంస్థ నాల్కో 1980ల నుంచి తవ్వుతోంది. మన వైపు గాలికొండ, రక్తకొండ, జెర్రెల పేర్లు 2005 నుంచి పత్రికల్లో నలిగాయి. చింతపల్లి దగ్గర జెర్రెల ప్రాంతంలో 1212 హెక్టార్ల అటవీ భూమిని గనులకు మళ్లిస్తూ 2015 నవంబరులో వచ్చిన ఉత్తర్వు ఏజెన్సీ అంతటా ఆందోళన రేపింది. 2019 సెప్టెంబరులో దాన్ని రద్దు చేశారు. ఉత్తర్వు రద్దయినా బాక్సైట్ అక్కడే ఉంది. అందుకే ఆ కొండల నేల స్వభావం ఏమిటో గొడవ లేని రోజుల్లోనే నిదానంగా తెలుసుకుని ఉండటం మంచిదని నా ఉద్దేశం.

ఎక్కడ గని ప్రతిపాదించినా పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక ఒకటి తయారవుతుంది. అందులో నేలకు ఒక చిన్న అధ్యాయం ఇస్తారు. గని హద్దుల లోపల, చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కొన్ని చోట్ల మట్టి నమూనాలు తీసి పీహెచ్, నత్రజని, భాస్వరం, పొటాష్, ఇసుక శాతం, బంకమన్ను శాతం ఎంతెంతో పట్టిక వేస్తారు. ఆ అంకెలు తప్పని నేననడం లేదు. కానీ అది రైతు పొలానికి ఎరువు మోతాదు చెప్పడం కోసం పుట్టిన పట్టిక. కొండ నెత్తి నుంచి పది పదిహేను మీటర్ల మందం తీసేస్తే ఏమవుతుందో చెప్పడానికి అది చాలదు. బాక్సైట్ కొండ మీద అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. అక్కడ మట్టి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? పై పదిహేను సెంటీమీటర్లు మట్టి, ఆ కింద ఉన్నదంతా ఖనిజం అనుకుంటే మొదటి అడుగే పక్కకు పడుతుంది.

ఆ కొండలన్నిటికీ ఆధారం ఖోండలైట్ అనే రాయి. కోందు గిరిజనుల పేరు మీదుగా టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో దానికి ఆ పేరు పెట్టారు. కోణార్క దేవాలయం కట్టింది ఎక్కువగా ఈ రాతితోనే. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ ఉడికి తయారైన రాయి ఇది. దీంట్లో పలుగురాయి, ఎర్రటి గార్నెట్ గింజలు, సిల్లిమనైట్, ఫెల్‌స్పార్, కొద్దిగా గ్రాఫైట్ ఉంటాయి. కొండ నెత్తిన ఈ రాయి మీద కోట్ల ఏళ్లు వాన కురిసింది. వాననీరు ఊరికే పారిపోలేదు. గాలిలోనూ, వేళ్ల దగ్గరా ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడి, పగుళ్ల గుండా రాతిలోకి దిగింది. మొదట సోడియం, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం కరిగి వెళ్లిపోయాయి. ఆ దశలో రాయి మెత్తబడి తెల్లటి సుద్ద అవుతుంది. దాని అసలు పేరు కేఓలినైట్, అల్యూమినియమూ సిలికా కలిసిన బంకమన్ను. మన దేశంలో చాలా ఎర్ర నేలలు ఈ దశ దగ్గరే ఆగిపోతాయి. కానీ నీరు నిలవకుండా ఎప్పటికప్పుడు కిందికి జారిపోయే చోట పని ఇంకా ముందుకు సాగుతుంది. సిలికా కూడా మెల్లగా కరిగిపోయి, ఎంతకీ కరగని అల్యూమినియం, ఇనుము మాత్రమే మిగులుతాయి. ఫిల్టర్‌లో డికాక్షన్ అంతా దిగిపోయాక పైన మిగిలిన పొడి లాంటిదన్నమాట బాక్సైట్. చుట్టూ వాలు, పైన చదును ఉన్న కొండల నెత్తినే అది దొరకడానికి కారణం కూడా ఇదే. చదును వల్ల నీరు పక్కకు పారిపోకుండా లోపలికి ఇంకింది. నిటారు అంచుల వల్ల లోపల నిలిచిపోకుండా బయటికి పోయింది.

అంటే బాక్సైట్‌ను మట్టి కింద దాగిన ఖనిజం అనడం కన్నా, మట్టిగా మారే పనిలో చివరిదాకా వెళ్లిన రాయి అనడం సరైనది. పైనున్న గడ్డి వేళ్ల దగ్గర నుంచి కింద ఖోండలైట్ వరకూ ఒకే ఒక నేల. గని వాళ్ల లెక్కలో అది రెండు ముక్కలు. అమ్ముడుపోయేది ఖనిజం, దాని పైనున్నది ఓవర్‌బర్డెన్. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గర అందరి నోటా 'ఓబీ'గా వినిపించే మాట ఇదే. అయితే బొగ్గుకూ దాని మీది రాతికీ పుట్టుకలోనే తేడా ఉంది. ఇక్కడ ఖనిజానిదీ దాని మీది మట్టిదీ ఒకటే పుట్టుక. లాటరైట్ ఎక్కడ ఆగి బాక్సైట్ ఎక్కడ మొదలవుతుందో చాలాసార్లు కంటితో చెప్పలేం. ప్రయోగశాలలో అల్యూమినా శాతం చూసి గీత గీస్తారు. లాటరైట్ పేరుతో అనుమతి తీసుకుని బాక్సైట్ తవ్వుతున్నారన్న వివాదాలు మన ఏజెన్సీ అంచుల్లో తలెత్తాయంటే మూలం ఈ అస్పష్టతలోనే ఉంది.

ఒక బాక్సైట్ పెళ్లను చేతిలోకి తీసుకుని చూస్తే ఈ చరిత్రంతా కనిపిస్తుంది. గోధుమ, గులాబీ, పసుపు రంగులు కలగలిసి ఉంటాయి. ఎండపొడలో అటూ ఇటూ తిప్పితే సన్నటి సమాంతర చారలు తేలతాయి. అవి ఖోండలైట్ రాతిలోని పొరలే. ఖనిజాలు మారిపోయినా అమరిక చెదరలేదు. అక్కడక్కడా తుప్పు రంగు చుక్కలు ఉంటాయి. ఒకప్పుడు గార్నెట్ గింజలు ఉన్న చోట ఇనుప ఆక్సైడ్ చేరి అదే ఆకారంలో నిలిచిపోయిన గుర్తులవి. ఇక సన్నటి రంధ్రాలకు లెక్కే ఉండదు. నాలుక కొనకు తాకిస్తే తడిని లాక్కుంటున్నట్టు అంటుకుంటుంది. ఘనపు మీటరు ఖోండలైట్ సుమారు 2.6 టన్నులు తూగితే, అంతే బాక్సైట్ రెండు టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది. రాయి కుంగకుండానే దానిలోని సరుకు కరిగి వెళ్లిపోయింది గనుక, బరువులో కనిపించే ఆ తేడా చాలావరకు ఖాళీ చోటే.

పైనుంచి కిందికి ఈ నేలను ఒకసారి చూద్దాం. అన్నిటికన్నా పైన గడ్డివేళ్లతో నల్లబడిన పలచని మట్టి ఉంటుంది. కొన్ని చోట్ల జానెడు, కొన్ని చోట్ల నాలుగు వేళ్ల మందం, ఇంకొన్ని చోట్ల అదీ ఉండదు. దాని కింద ఇనుము ఎక్కువగా ఉన్న లాటరైట్ గట్టిపొర. పంచపట్‌మాలిలో ఇది సగటున మూడు మీటర్ల దాకా ఉంటుంది. ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో కేరళలోని అంగాడిపురం దగ్గర చూసి లాటరైట్ అని పేరు పెట్టిన పదార్థం ఇదే. నేలలో తడిగా ఉన్నంత కాలం గొడ్డలితో ఇటుకల్లా కోయొచ్చు. ఎండకూ గాలికీ ఆరితే ఇంటి గోడకు పనికొచ్చేంతగా బిగుసుకుంటుంది. ఈ లక్షణాన్ని గుర్తుపెట్టుకోవాలి. తవ్వి బయట పోసిన లాటరైట్ తిరిగి మెత్తటి మట్టిగా మారదు. దాని కింద బాక్సైట్, పంచపట్‌మాలి లాంటి కొండల్లో సగటున 14 మీటర్ల మందం. ఆ కింద సుద్ద. చివరికి చెక్కుచెదరని ఖోండలైట్.

పైపొర ఎందుకంత పేదదో ఇప్పుడు ఊహించవచ్చు. మొక్కకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం ఎప్పుడో కరిగి కొట్టుకుపోయాయి. వాటిని పట్టి ఉంచే శక్తి కూడా ఈ నేలకు తక్కువ. కృష్ణా, గుంటూరు రైతులు ఎరిగిన నల్లరేగడి సంగతి వేరు. రేగడిలోని బంక తన రేకుల మధ్య పోషకాలను భద్రంగా దాచుకుంటుంది. కేఓలినైట్‌కు ఆ శక్తి దాదాపు పదో వంతే. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లకు అదీ ఉండదు. భాస్వరంతో ఇంకో చిక్కు ఉంది. ఈ ఆక్సైడ్లు భాస్వరాన్ని గట్టిగా పట్టేసుకుంటాయి. సూపర్ ఫాస్ఫేట్ వేసినా అందులో ఎక్కువ భాగం వేళ్లకు అందకుండా మట్టికే అంటిపోతుంది. ప్రయోగశాలలో మొత్తం భాస్వరం ఎంతో కొలిస్తే ఫర్వాలేదనిపించే అంకె రావచ్చు. మొక్కకు అందేది అందులో పిసరంతే. నేల పీహెచ్ 5.5 దిగువకు జారితే కరిగే అల్యూమినియం పెరిగి వేళ్ల కొనలను దెబ్బతీసే ప్రమాదమూ ఉంది.

ఇంత పేద నేలలో గడ్డి అయినా ఎలా బతుకుతోందంటే, పైనున్న ఆ నల్లటి పలచని పొర వల్లే. కుళ్లిన ఆకూ వేరూ కలిసిన సేంద్రియ పదార్థం బరువుకు బరువు తూచి చూస్తే రేగడి బంక కన్నా ఎక్కువ పోషకాలను పట్టి ఉంచగలదు. ఆక్సైడ్ల ఉపరితలాన్ని కప్పేసి భాస్వరం కొంతైనా వేళ్లకు మిగిలేలా చూస్తుంది. వేళ్లను అంటిపెట్టుకుని బతికే మైకోరైజా శిలీంధ్రాలు సన్నటి పోగులు చాచి ఆ భాస్వరాన్ని వెతికి తెచ్చి మొక్కకిస్తాయి. కాబట్టి పదిహేను ఇరవై మీటర్ల ఆ నేలలో బతుకంతా జానెడు మందంలో ఉంది. దాన్ని పోగొట్టుకుంటే కింద ఎన్ని మీటర్ల మట్టి ఉన్నా ఒకటే.

ఇక నీటి సంగతి. ఈ ఎర్రమట్టి చేతిని కూడా మోసం చేస్తుంది. మట్టి పరీక్షకు పల్లెల్లో తెలిసిన పద్ధతే శాస్త్రవేత్తలూ వాడతారు. పిడికెడు మట్టిని తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీస్తారు. బంకమన్ను అయితే పొడుగ్గా సాగుతుంది, ఇసుక అయితే తెగిపోతుంది, గరపనేల మధ్యస్థంగా ఉంటుంది. బాగా లాటరైట్ అయిన మట్టిని ఇలా నొక్కితే మొదట ఇసుకలా గరగరలాడి తెగిపోతుంది. వదలకుండా ఇంకాసేపు పిసికితే గరుకుదనం తగ్గుతూ జిగురు తేలుతుంది. ఇనుప ఆక్సైడ్లు సన్నటి బంక రేణువులను ఒకదానికొకటి అంటించి చిన్న చిన్న గింజలుగా కట్టేయడమే దీనికి కారణం. ప్రయోగశాలలో ఆ అతుకులను రసాయనాలతో విడదీసి కొలిస్తే బంకమన్ను శాతం చాలా ఎక్కువ వస్తుంది. కొండ మీద మాత్రం అది ఇసుకలాగే నీటిని లోపలికి వదులుతుంది. నివేదికలో 'బంకనేల' అని రాసి ఉంటే చదివినవాళ్లు నీరింకని నేల అనుకుంటారు. ఇక్కడ అది నిజం కాదు. ఇంకుడు వేగాన్ని అక్కడికక్కడే, నేలలో రెండు ఇనుప వలయాలు దిగేసి నీళ్లు పోసి కొలవాలి. శాతాల పట్టిక నుంచి ఊహించి రాయకూడదు.

అలా ఇంకిన నీరు గుల్లగా ఉన్న బాక్సైట్ గుండా దిగి సుద్ద పొర దగ్గర ఆగుతుంది. సుద్ద నీటిని సులభంగా వదలదు. అందుకని నీరు దాని మీదుగా పక్కకు నడిచి, కొండ అంచున ఆ పొర బయటపడే చోట ఊటగా పైకి వస్తుంది. ఏజెన్సీలో కొండవాలు ఊళ్లు చాలావాటికి తాగునీరు ఈ ఊటలదే. ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, గొట్టం వేసి, మోటారు లేకుండా ఊళ్లోకి నీరు దింపుకునే గ్రావిటీ పథకాలు అక్కడ చాలా ఉన్నాయి. ఊటలు కలిసి గెడ్డలవుతాయి, గెడ్డలు కలిసి నదులవుతాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా దిగి తాటిపూడి జలాశయానికి చేరుతుంది. మాడుగుల కొండల నుంచి వచ్చే శారద మీద రైవాడ జలాశయం ఉంది. రెండింటి నీరూ విశాఖపట్నం తాగుతోంది.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 1200 మిల్లీమీటర్ల వాన అంటే హెక్టారుకు 12 వేల ఘనపు మీటర్లు, అంటే కోటీ ఇరవై లక్షల లీటర్ల నీరు. పది మీటర్ల బాక్సైట్ పొరలో నీరు పట్టే ఖాళీ 20 శాతమే అనుకున్నా, హెక్టారుకు 20 వేల ఘనపు మీటర్ల చోటు ఉన్నట్టు. అదంతా ఎప్పుడూ నిండి ఉండదు. అయినా ఏడాది వానకు మించిన జాగా అది. అక్టోబరుతో వానలు వెనకబడినా మార్చిలో కూడా గెడ్డ పారుతోందంటే ఆ జాగాలో ఆగి మెల్లగా దిగిన నీటి వల్లే.

కింది వాలు పచ్చగా ఉండటానికి సగం కారణం ఈ ఊటల తేమ. మిగతా సగం, వాలు మీద నేలే వేరు. కొండ పైనుంచి జారిన మట్టి, విరిగిన ఖోండలైట్ ముక్కలు, అడవి ఆకు కలిసి అక్కడ లోతైన ఎర్రగరప నేల తయారైంది. దానిలో ఇంకా పూర్తిగా కరగని ఫెల్‌స్పార్ ముక్కలు ఉన్నాయి. అవి శిథిలమవుతున్న కొద్దీ పొటాష్ విడుదలవుతూ ఉంటుంది. నెత్తిన ఎప్పుడో అయిపోయిన సారం వాలులో ఇంకా మిగిలి ఉందన్నమాట. కాఫీకి నీరు నిలవని, కాస్త పులుపున్న, ఆకుకుళ్లు దండిగా ఉన్న ఇలాంటి నేలే కావాలి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అందులో ఈ మట్టి వాటా తక్కువేమీ కాదు. ఇంకా కిందికి దిగితే పల్లపు భూములు. అక్కడ పైనుంచి వచ్చిన సన్నటి మట్టి చేరుతుంది, వరి మడుల్లో నీరు నిలుస్తుంది. గాలి ఆడక ఎర్రటి ఇనుము రూపం మారి నేల బూడిద రంగు తిరుగుతుంది, మధ్యమధ్య తుప్పు మరకలు పడతాయి. కొండ నెత్తి నుంచి మడి దాకా నడిస్తే ఎరుపు, నలుపు కలిసిన ఎరుపు, పసుపు, బూడిద రంగులు వరసగా వస్తాయి. వీటన్నిటినీ కలిపి ఉంచేది పైనుంచి కిందికి నడిచే నీరే. గని హద్దును పటం మీద కొండ నెత్తి చుట్టూ గీస్తారు. నేల మాత్రం ఆ గీత దగ్గర ఆగదు.

గని ఎక్కడిదాకా తవ్వి ఆగుతుందో కూడా నేల స్వభావమే నిర్ణయిస్తుంది. బాక్సైట్ నుంచి అల్యూమినా తీయడానికి కాస్టిక్ సోడాలో ఉడకబెడతారు. కార్ల్ జోసెఫ్ బేయర్ 1880ల చివర్లో కనిపెట్టిన పద్ధతి ఇది. తూర్పు కనుమల బాక్సైట్‌లో ఎక్కువగా ఉండే గిబ్‌సైట్ 150 డిగ్రీల లోపు వేడికే కరిగిపోతుంది. ఈ కొండల మీద కంపెనీలకు ఇంత ఆసక్తి కలగడానికి అదొక పెద్ద కారణం. కానీ సుద్ద కలిసిందంటే అందులోని సిలికా ఖరీదైన కాస్టిక్ సోడాను తినేస్తుంది. అందుకే సుద్ద తగలగానే తవ్వకం ఆపేస్తారు. దాని పర్యవసానం ఏమిటంటే, నీటిని దాచే గుల్ల పొర లారీలెక్కి వెళ్లిపోతుంది, నీటిని వదలని బంకపొర గని అడుగుగా తేలుతుంది. భారీ యంత్రాల బరువుకు అది ఇంకా గట్టిపడుతుంది.

ఇక్కడ నిపుణుల మధ్య నిజమైన భేదాభిప్రాయం ఉంది, దాన్ని దాచకూడదు. బాక్సైట్ తీసేస్తే ఊటలు ఎండిపోతాయని కొందరు అంటారు. గని గుంట చుట్టూ అంచును తవ్వకుండా గోడలా వదిలితే వాన నీరంతా గుంటలోనే ఆగి, సుద్దలోని పగుళ్ల గుండా ఇంకి, భూగర్భ జలం పెరుగుతుందని ఇంకొందరు అంటారు. రెండో వాదన పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు. కానీ అది సుద్ద ఎంత మందంగా ఉంది, ఎక్కడ పగుళ్లున్నాయి, అంచు ఎంత వాలుగా ఉంది అన్న వాటి మీద ఆధారపడుతుంది. కొండ కొండకూ జవాబు మారుతుంది. పైగా భూగర్భంలోకి లోతుగా దిగిన నీరు మైదానంలో ఎక్కడో బావిలో తేలవచ్చు గానీ, వాలు మీద ఊరికి ఊట ఇవ్వకపోవచ్చు. ఏ కొండ సంగతి ఆ కొండ మీదే, తవ్వకానికి ముందే, ఊట ఊటకూ ధార కొలిచి కొన్నేళ్ల లెక్క చేతిలో పెట్టుకున్నాకే మాట్లాడాలి.

తవ్విన నేలను తిరిగి నిలబెట్టడం సాధ్యమా అంటే, పశ్చిమ ఆస్ట్రేలియాలోని డార్లింగ్ కొండల అనుభవం చూడాలి. అక్కడ జర్రా అనే యూకలిప్టస్ జాతి అడవుల్లో 1963 నుంచి బాక్సైట్ తవ్వుతున్నారు. దశాబ్దాల పరిశోధన తర్వాత వాళ్లు నేర్చుకున్న సంగతుల్లో పెద్దది చాలా సాదాసీదాగా కనిపిస్తుంది. పై 15 సెంటీమీటర్ల మట్టిని విడిగా తీసి, ఎక్కడా కుప్ప పోయకుండా నేరుగా అప్పుడే సిద్ధమైన మరో గుంటలో పరవాలి. అడవి గింజల్లో ఎక్కువ భాగం ఆ పొరలోనే ఉంటాయి. కుప్ప పోస్తే లోపల గాలి ఆడక, వేడెక్కి, కొన్ని నెలల్లోనే వానపాములు, శిలీంధ్రపు పోగులు, మొలకెత్తే గింజలు తగ్గిపోతాయి. దానికి ముందు గట్టిపడిన గని అడుగును పెద్ద ఇనుప కొక్కేలతో మీటరుకు పైగా లోతున చీల్చి వేళ్లకు దారి చేస్తారు. ఇంత చేసినా తిరిగొచ్చిన అడవి పాత అడవేనా అన్న చర్చ అక్కడ నేటికీ నడుస్తోంది.

పంచపట్‌మాలిలో కూడా పైమట్టిని వేరుగా తీసి, తవ్విన చోటును పూడ్చి మొక్కలు నాటుతున్నారు. పచ్చదనం వస్తోంది. అయితే చెట్లు పెరగడం, నేల తిరిగి రావడం ఒకటి కావు. పూడ్చిన మట్టి మీద అకేసియాలో, నీలగిరి చెట్లో కొన్నేళ్లలో ఎదుగుతాయి. పొరల వరస, గింజకట్టు, నీటిని దాచే గుల్లతనం అలా రావు. మనిషి తలపెట్టి చేయగలిగింది పై జానెడు పొరను కాపాడుకోవడం వరకే. పద్నాలుగు మీటర్ల గుల్ల నేలను ఎవరూ తిరిగి తయారు చేయలేరు. దానికి కోట్ల ఏళ్ల వాన కావాలి. డార్లింగ్ కొండలకూ మనకూ వానలోనూ తేడా ఉంది. వాళ్ల వాలు మెత్తన, వాన చలికాలపు ముసురు. మనకు 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుఫాన్లు ఉన్నాయి. ఒక్క రాత్రి వానకే కొండచరియలు జారి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మూతపడే వాలులు మనవి. అక్కడ వదులుగా పోసిన మట్టి మొదటి పెద్ద వానకే గెడ్డలోకి దిగుతుంది. ఎర్రనీళ్లు కాఫీ తోటల్ని దాటి వరి మడుల్లో మేట వేస్తాయి, మిగిలింది జలాశయం అడుగున చేరుతుంది.

అందువల్ల నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయం, నమూనాలు తీసే కాలం. గని నివేదికలకు కావలసిన నేల, నీరు, గాలి సమాచారాన్ని వానాకాలం కాని ఒక్క ఋతువులో సేకరిస్తే సరిపోతుందని మన నిబంధనలు ఒప్పుకుంటున్నాయి. గాలిలో దుమ్ము కొలవడానికి పొడి కాలం సరైనదే కావచ్చు. బాక్సైట్ కొండ నేల మాత్రం తన గుణం చూపేది జూలైలో, ఆగస్టులో. ఎంత ఇంకుతోంది, ఎంత కొట్టుకుపోతోంది, ఏ ఊట ఎన్ని రోజులకు లేస్తోంది అన్నవి ఏప్రిల్ మట్టిని సంచిలో నింపుకుని వెళ్లి చూస్తే తెలియవు. ఆ మట్టి పీహెచ్ తెలుస్తుంది, అంతే.

2013లో సుప్రీంకోర్టు తీర్పు మేరకు ఒడిశాలోని నియమగిరిలో డోంగ్రియా కోందుల గ్రామసభలు జరిగాయి. ఇదే ఖోండలైట్, ఇదే బాక్సైట్ ఉన్న కొండ అది. పన్నెండు గ్రామసభలూ తవ్వకం వద్దన్నాయి. అది వాళ్ల దైవమున్న కొండ. దానితో పాటు, కొండ నెత్తికీ తమ ఊటకూ ఉన్న లంకె వాళ్లకు తరతరాలుగా తెలుసు. ఆ లంకెను కొలిచి కాగితం మీద పెట్టడం శాస్త్రం చేయాల్సిన పని. ఆ పని చేయని నివేదిక ఎన్ని పేజీలున్నా అసంపూర్ణమే.

పర్యావరణ ప్రభావ నివేదిక ప్రజలు చూడదగ్గ కాగితమే. బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదికను కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం లాంటి చోట్ల అందుబాటులో ఉంచాలి, సారాంశం తెలుగులో కూడా ఉండాలి. చూసేవాళ్లు నేల అధ్యాయం తెరిచి, నమూనా ఎంత లోతు నుంచి తీశారో ముందు చూడాలి. పదిహేను సెంటీమీటర్లతో ఆగితే మిగతా పద్నాలుగు మీటర్ల సంగతి అడగాలి. కొండ నెత్తిన, వాలు మధ్యలో, అడుగున విడివిడిగా గుంటలు తీసి పొరలు రాసుకున్నారా, ఇంకుడు వేగం అక్కడే కొలిచారా, సుద్ద మందం ఎన్ని బోర్లలో తేల్చారు, ఏ నెలలో తీశారు, ఏ ఊరి ఊట పేరు ఆ పటంలో ఉంది, ఏ ఊరిది లేదు అని చూడాలి. పైమట్టిని ఎక్కడ, ఎంత ఎత్తున, ఎన్నాళ్లు నిల్వ చేస్తారో గని ప్రణాళికలో రాసి ఉంటుంది. 'తగిన చోట నిల్వ చేయబడును' అని ఒక్క వాక్యంతో ముగించి ఉంటే, విచారణలో మైకు అందుకున్న మొదటి మనిషి ఆ వాక్యం చదివి వినిపించి, ఎక్కడో ఎన్నాళ్లో అక్కడే చెప్పమని అడగవచ్చు. అడిగిన ప్రశ్నా, ఇచ్చిన జవాబూ విచారణ మినిట్స్‌లో నమోదు కావాలి.